గుట్ట దగ్గర దాటారు

పెంటయ్య చనిపోయిన నెలకి మళ్ళీ బండి నడపడం మొదలుపెట్టాడు.

ఈ సంగతి అందరికంటే ముందు తెలిసింది ఆయన భార్య అండాలుకి. పొద్దున చాయ్ గిన్నె దించుతుంటే గూట్లో పెట్టిన ఫోను మోగింది. ఆమెకి చదువు రాదు, కానీ ఆ గంటకి చదువు అక్కర్లేదు. దారి కంపెనీ పంపే సందేశాలకి కూతురు ప్రత్యేకంగా పెట్టిచ్చిన గంట అది, ఏడాది పాటు రోజూ విన్నదే. మసిగుడ్డ చేతిలో ఉండగానే వచ్చి, ఆఫీసుకి తయారవుతున్న కూతురి ముందు ఫోను పెట్టింది.

"ఏం రాసిన్రు బిడ్డా?"

నవనీత చదివింది. "పెంటయ్య గారూ, గుట్ట దగ్గర దాటారు. శుభప్రయాణం."

"ఏదో తప్పు పడ్డదమ్మా, పోయి చూస్త" అంది నవనీత. అనడానికి అన్నది గానీ అల్లుకుంటున్న జడ సగంలో ఆగిపోయింది. ఎందుకంటే ఆ దారికి మనుషుల్ని గుర్తుపట్టడం నేర్పింది ఆమే.

నగరానికి పడమట, రాళ్ళగుట్టలు కొట్టి, స్తంభాల మీద లేపిన పెద్దదారి అది. కడుతున్నప్పుడు జనం మురిసిపోయారు. కట్టాక, ఎక్కితే టోల్ కట్టాలన్నారు. గొడవ అక్కడ మొదలైంది. ఊరు దాటి పోయేవాడిని అడిగారంటే సరే, పిల్లని బడిలో దింపడానికీ కూరగాయలు తేవడానికీ డ్యూటీకి పోవడానికీ కూడా కప్పం కట్టాలా అని తిరగబడ్డారు. కింద పాత దారి ఉంది కదా అంటే, దాన్ని సగం స్తంభాలే మింగేశాయి. జనం అద్దాల మీది స్టిక్కర్లు పీకేశారు. పీకితే జరిమానా అన్నాక, స్టిక్కరు మీద రొట్టెలు చుట్టే వెండి కాగితం అంటించారు. కెమెరాలు పెడితే నెంబరు ప్లేటుకి బురద పూశారు. నడి ఎండాకాలంలో ఇంత బురద ఎక్కడిదయ్యా అని పోలీసు అడిగితే, మా గల్లీల నల్లా పగిలింది సార్ అన్నారు. ఆ ఏడాది నగరంలో పగలని నల్లా లేదు.

అప్పుడు కంపెనీకి నవనీత దొరికింది. ఆమె తారు కింద వెంట్రుక మందం గాజుతీగలు పరిపించింది. పైన బండి పోతుంటే ఆ తీగలు వణుకుతాయి. మనిషికీ మనిషికీ నడక వేరైనట్టే బండి నడిపే తీరూ వేరు. బ్రేకు మీద కాలు ఎలా వేస్తాడు, మలుపులో ఎప్పుడు వంగుతాడు, ముందున్న బండికి ఎంత ఎడం ఇస్తాడు, అన్నీ కలిపితే ఒక మనిషి తేలతాడు. బండి మార్చినా ప్లేటు మార్చినా కాలు మార్చుకోలేడు కదా. ఇంక స్టిక్కరు వద్దు, కెమెరా వద్దు, గేటు వద్దు. ఎవరు వచ్చారో దారికే తెలుస్తుంది. కంపెనీ వాళ్ళు దానికి 'అడుగుజాడ' అని పేరు పెట్టుకుని స్వీట్లు పంచుకున్నారు.

అయితే దారికి ముందుగా ఒక మనిషిని బాగా నేర్పాలి. ఆ మనిషికి ఎంత దగ్గర, ఎంత దూరం అనే లెక్కతోనే అది మిగతా లోకాన్ని గుర్తుపడుతుంది. తండ్రి కంటే బాగా బండి నడిపేవాళ్ళు నవనీతకి తెలియదు. ముప్పై ఏళ్ళు లారీ నడిపి, మోకాళ్ళు అరిగి, లారీ అమ్మేసి అరుగు మీద కూర్చున్న పెంటయ్యని తీసుకెళ్ళి టెస్టు వ్యాను ఎక్కించింది.

"నేను పోతుంటే నీ రోడ్డు నన్ను సూస్తదా?" అన్నాడు పెంటయ్య.

"సూడదు బాపూ. నీ కాలును గుర్తువడ్తది."

"ఇన్నేండ్లు తిరిగితే ఈ పట్నంల నన్ను గుర్తువట్టినోడు లేడు. ఆఖరికి రోడ్డు వట్టె!" అని పగలబడి నవ్వాడు.

అలా ఏడాది తిరిగాడు. ఆయన దగ్గర మామూలు ఫోనే ఉండడంతో సందేశాలు అండాలు ఫోనుకి వచ్చేవి. ముందు గుట్ట దగ్గర దాటారని వచ్చేది. కాసేపటికి, 'దిగారు, ప్రయాణం ముగిసింది, మళ్ళీ రండి' అని రెండోది వచ్చేది. దారి దిగే మలుపు వాళ్ళ గల్లీ మొదట్లోనే. రెండో గంట వినగానే అండాలు పొయ్యి మీద పెనం పెట్టేది. ఆయన కాళ్ళు కడుక్కుని వచ్చేసరికి జొన్నరొట్టె పొంగుతూ ఉండేది.

ఆ ఏడాదే పెంటయ్యకి అడ్డా దూరమైంది. గుట్ట కింద చాయ్ బండి దగ్గర డ్రైవర్లు కూర్చుంటారు. టోల్ కంపెనీ వ్యాను దిగి వచ్చిన మనిషికి వాళ్ళు బెంచీ మీద చోటివ్వలేదు. తిట్టలేదు, కొట్టలేదు, మాట్లాడటం మానేశారంతే. ముప్పై ఏళ్ళ దోస్తు రిజ్వాన్ కూడా గ్లాసు పట్టుకుని అటు తిరిగి కూర్చున్నాడు. ఈ సంగతి పెంటయ్య ఇంట్లో చెప్పలేదు. చాయ్ తాగడం మానేశానని మాత్రం చెప్పాడు.

ఒక పొద్దున మొదటి గంట మోగింది. రెండోది మోగలేదు. అండాలు పిండి కలిపి పెట్టుకుని కూర్చుంది. గుట్ట దాటాక వ్యానుని ఎడమ అంచుకి తీసి, ఇంజను ఆపి, వెనక వచ్చేవాళ్ళకి తెలిసేలా నాలుగు దీపాలూ వేసి, స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు పెంటయ్య. పోయేటప్పుడు కూడా ఎవరి దారికీ అడ్డం లేకుండా పోయాడు. వ్యానుని క్రేను ఎత్తుకెళ్ళింది.

* * *

ల్యాబులో నవనీత తెర ముందు కూర్చుంది. అడుగుజాడ అందరి బళ్ళకీ టోల్ వేయడం మొదలుపెట్టింది ఆ వారమే. మొదటిరోజు పెంటయ్య మూడుసార్లు దాటాడు. వారం తిరిగేసరికి వందలసార్లు. ఆ తర్వాత లెక్క చూడటానికే భయం వేసింది. ఒకే నిమిషంలో ఆయన గుట్ట దగ్గర నలభైసార్లు దాటుతున్నాడు. ఒక పెంటయ్య వెనక ఇంకో పెంటయ్య, ఆయన వెనక ఇంకో పెంటయ్య. ఎక్కినట్టు ఉంది గానీ ఒక్కసారి కూడా దిగినట్టు లేదు.

ఇంట్లో ఫోను మోగుతూనే ఉంది. గంట ఆపేద్దామంటే అండాలు చేతికివ్వదు. మంచం మీద పక్కన పెట్టుకుని, మోగినప్పుడల్లా దాని వైపు చూస్తుంది. ఆ పిచ్చి ఆశ చూసి నవనీత ఫోను అడగడం మానేసింది. అమ్మ కోసమైనా ఇది ఇంకొన్నాళ్ళు ఉంటే బాగుండునని మనసులో అనుకునేది.

అమ్మ కోసమే అనుకునేది, పాపం. ల్యాబు వెనక గదిలో ఒక కుర్చీ ఉంది. దారి మీద పట్టిన ఏ నడకనైనా దానికి ఎక్కిస్తే, ఆ బండిలో కూర్చున్నట్టే కదులుతుంది. కాళ్ళ కింద పెడళ్ళు వాటంతట అవే లేచి దిగుతాయి. మధ్యాహ్నం అందరూ తిండికి పోయాక నవనీత తలుపు వేసుకుని, తండ్రి ఆఖరి ప్రయాణం ఎక్కించుకునేది. పెడలు మీద కాలు ఆనిస్తే దాని కింద ఆయన కాలు తగిలేది. గుట్ట రాగానే యాక్సిలరేటరు మెత్తగా పైకి లేచేది. ఆయన ప్రతిసారీ అక్కడ అలా కాలు తీసేవాడు. తర్వాత బండి పక్కకి జరిగి ఆగేది. ఆమె కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటినుంచి పెట్టుకునేది. నెల దాటినా ఒక్క పూట మానలేదు.

ఆ కాలు తీయడం దగ్గరే ఏదో ఉందని ఒక మధ్యాహ్నం తట్టింది. కుర్చీ దిగి, ఆటో మాట్లాడుకుని గుట్ట కిందికి వెళ్ళింది.

గుట్ట అంటే ఇప్పుడు సగం కొట్టగా మిగిలిన రాతిబండే. దాని కింద మనిషెత్తు మైసమ్మ గుడి, నెత్తిన పెద్దదారి. చాయ్ బండి దగ్గర రిజ్వాన్ ఒక్కడే ఉన్నాడు. బడిపిల్లల వ్యాను నడుపుతాడు, గడ్డం తెల్లబడింది. ఆమెని చూసి లేచి నిలబడ్డాడు.

"కూసో బేటీ. చాయ్ తాగుతవా?"

ఆమె జవాబిచ్చేలోపు పైన ఎవరో రెండు చిన్న హారన్లు కొట్టారు. వెంటనే ఇంకొకరు. ఆగకుండా వస్తూనే ఉన్నాయి.

"చాచా, ఏందిది?"

రిజ్వాన్ చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నీకు ఎరుకలేదా? మైసమ్మ మాఫీ. ఎన్కట గీ పాత సడక్ల పోయేటప్పుడు డ్రైవర్లందరం ఈడ కాలు తీసి, రెండు హారన్లు కొట్టి పోతుంటిమి. హిందువులం లేదు, ముసల్మానులం లేదు. తల్లి కూసున్నకాడ జెర నిమ్మలంగ పోవాలె, గంతే. మొన్న ఒకడు మీది సడక్ల పోతుంటే ఆదతు కొద్ది కాలు తీసిండట. టోల్ పడలే! వాడు ఇంకొకనికి చెప్పిండు. ఇప్పుడు కంప్యూటరు పోరగాండ్లు గూడ ఈడికొచ్చి కాలు తీస్తున్నరు. కంపెనోళ్ళ మీద అమ్మ మస్తు గుస్సగుంది బేటీ."

నవనీత బెంచీ మీద కూర్చుంది. చిన్నప్పుడు లారీలో తండ్రి ఒళ్ళో కూర్చుని ఆ రెండు హారన్లు తనే కొట్టేది. అదెలా మర్చిపోయింది? గుడి కింద పడిపోయింది, దారి పైకి పోయింది, ఇంక ఆ అలవాటు ఎవరికుంటుందిలే అనుకుంది. అసలు అనుకోను కూడా లేదు. టెస్టుకి కంపెనీ తెచ్చిన మిగతా డ్రైవర్లంతా వేరే రాష్ట్రం వాళ్ళు, గుట్ట దగ్గర ఒక్కరూ కాలు తీయలేదు. ఇక్కడ కాలు తీసేవాడు పెంటయ్యే అని దారి నేర్చుకుంది. ఆయన ఆఖరి ప్రయాణం ముగియలేదు, క్రేను ఎత్తుకెళ్ళిన బండికి నడక ఉండదు. కాబట్టి అది ఇంకా ఆయన్ని వెతుకుతోంది. ఎవరు కాలు తీసినా, ఇదిగో వచ్చాడు అనుకుంటోంది. ఆయనది టెస్టు వ్యాను గనక, గుట్ట దగ్గర పడాల్సిన టోల్ అడగడం లేదు. దిగే మలుపులో మాత్రం ఎవరి తీరు వాళ్ళదే, అందుకే ఆయన దిగినట్టు పడటం లేదు.

"మైసమ్మ కాదు చాచా" అంది. "మీరందరు బాపు పేరు మీద దాటుతున్నరు."

ఆమె అంతా చెప్పింది. రిజ్వాన్ చేతిలో చాయ్ మీద మీగడ కట్టింది.

"ఏడాది దినాలు మీ బాపు వచ్చి నిలవడె ఈడ" అన్నాడు చివరికి. "ఒక్క చాయ్ ఇయ్యకపోతి. సచ్చినంక మట్టికాడికి వచ్చి గూడ రోడ్డు అవతల నిలవడ్డ. ఇప్పుడు నా బండిని ఆయన దాటిస్తున్నడా?" ముఖం తుడుచుకున్నాడు. "తీసెయ్యకు బేటీ. ఉండనీ. ఊరందరికి ఆసర అయితున్నడు. ఉండనీ."

* * *

తీసేయమని కంపెనీ కూడా అనలేదు. ల్యాబు పెద్ద చక్రపాణి తెలివైనవాడు, పైగా మర్యాదస్తుడు. నవనీత చెప్పింది విని, కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

"నాన్నగారిని పూర్తిగా చెరిపేస్తే ఏమవుతుందో నీకు తెలుసు కదమ్మా?"

తెలుసు. దారి నేర్చుకున్న మొదటి మనిషి ఆయన. లక్షలమందిని ఆయనతో పోల్చుకునే గుర్తుపడుతోంది. ఆయన్ని తీసేస్తే దారికి ఎవరూ తెలియరు, గుడ్డిదవుతుంది. ఆరేళ్ళ పని పోతుంది.

"అందుకని పేరు మాత్రం తీసేద్దాం. మీ అమ్మగారికి సందేశాలు ఆగిపోతాయి. ఆ గుట్ట దగ్గరి పొరపాటు నువ్వు సరిచెయ్యి, టోల్ మళ్ళీ వస్తుంది. మనిషిని మాత్రం లోపలే ఉంచుదాం. ఆయన లేకపోతే మనకి జరగదు."

మాటలో తప్పేమీ లేదు. అయినా ల్యాబులోంచి బయటికి వస్తూ నవనీత మెట్ల మీదే ఆగిపోయింది. పేరు లేకుండా, ఇల్లు లేకుండా, ఎవరికీ కబురు లేకుండా ఆ తారు కింద ఆయన తిరుగుతూనే ఉంటాడు, ఆ దారి ఉన్నన్నాళ్ళూ. ఒప్పుకుంటే కుర్చీ కూడా ఉంటుంది. రోజూ మధ్యాహ్నం ఆయన కాలు తగులుతుంది. ఒప్పుకోవాలని ఆమెకి ఎంతగా అనిపించిందంటే, అందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ సాయంత్రం అంతా తల్లికి చెప్పింది. ఆ గంటలు బాపువి కావని, ఊళ్ళోవాళ్ళవని మెల్లగా నచ్చజెప్పబోయింది.

అండాలు ఫోను ఒళ్ళో పెట్టుకుని వింది. "ఆయన కాదని నాకెరుక లేదా? సచ్చినోడు బండెట్ల నడుపుతడు? నా చేతులతోని తానం వోసిన."

"మరి ఎందుకు ఫోను ఇడుస్తలేవు?"

"రెండో గంట కోసం." అండాలు ఫోను వైపు చూసింది. "ఆ దినం మోగలే గదా బిడ్డా. ఎక్కిండన్నది గానీ దిగిండని అననే లేదు. కాదని తెల్సినా పానం ఒప్పుతలేదు. మోగినప్పుడల్ల, ఇంటి మలుపు దాటి ముంగటికే పోతున్నట్టుంటది. అరే, గింత దగ్గరికొచ్చి ఎందుకు దిగుతలేడు? పొయ్యి ముట్టిద్దునా వద్దా? ఒక్క దినం కాదు, పొద్దందాక! నేను సంబురపడుతున్న అనుకున్నవా నువ్వు?"

నవనీత వచ్చి తల్లి పక్కన కూర్చుంది.

"నాకోసమని ఉంచకు. నీకోసం ఉంచుకుంటనంటే చెప్పు, ఊకుంట. కానీ అలిసిపోయిన మనిషిని ఎన్ని దినాలు తిప్పుతవే? దించు. ఇంటికి తీస్కరా."

* * *

తెల్లారి, క్రేను తెచ్చి షెడ్డులో పెట్టిన టెస్టు వ్యానుని నవనీత సంతకం పెట్టి తెచ్చింది. పక్క సీట్లో అండాలు, ముందు రెండు ఫోన్లు, వెనక కంప్యూటరు సంచి. తండ్రిని మామూలుగా చెరిపేయొచ్చు, రెండు మీటలు నొక్కితే చాలు. కానీ అలా చేస్తే ఆయన దిగినట్టు కాదు. అచ్చం ఆయనలా నడిపి ఇంటి మలుపులో దిగితే, దారి ఆయనే దిగాడనుకుంటుంది. ఆమెలా నడిపితే గంట ఆమె ఫోనులో మోగుతుంది.

నెల పైగా కుర్చీలో కూర్చున్న కాళ్ళు కదా, పెద్దదారి ఎక్కగానే వాటికి పని తెలిసింది. గుట్ట దగ్గర కాలు దానంతటదే లేచింది. అండాలు చెయ్యి చాపి రెండు హారన్లు కొట్టింది. తల్లి ఫోను మోగింది. ఆయన బండి ఆపిన చోటు ఎడమ పక్కన వచ్చి వెనక్కి పోయింది. అది ఎక్కడో ఇద్దరికీ తెలుసు. ఇంటి మలుపు వచ్చింది. నవనీత జాగ్రత్తగా బ్రేకు వేసుకుంటూ దిగింది.

మోగింది ఆమె ఫోనే. "నవనీత గారూ, దిగారు."

"మల్ల పోదాం" అంది అండాలు.

రెండోసారీ అంతే. నవనీతకి ఏడుపొచ్చింది. కుర్చీలో ఎన్నిసార్లు కూర్చున్నా ఆఖరి ప్రయాణమే పెట్టుకుంది, అది గుట్ట దగ్గరే ఆగిపోతుంది. ఆయన ఇంటికి ఎలా దిగేవాడో ఒక్కసారైనా పెట్టి చూసుకోలేదు.

"నువ్వు భయపడుకుంట దిగుతున్నవు" అంది అండాలు. "మీ బాపు ఈడ గట్ల దిగకపోతుండె. ఆకలితోని వస్తుండె. మలుపుల ఒక్క చేత్తోని తిప్పుకుంట, జోరుగ. ఇంట్ల రొట్టె ఉన్నదని వచ్చినట్టు రావాలె."

మూడోసారి గుట్ట దగ్గర కాలు తీసి, దాటాక నవనీత ఇంకేమీ గుర్తుచేసుకోలేదు. పొద్దుటినుంచి ఏమీ తినలేదన్న సంగతి తలుచుకుంది. వెచ్చటి పెనం, కాల్చిన పిండి వాసన, కాళ్ళు కడిగిన నీళ్ళతో తడిసిన గడప. మలుపులో ఒక చేత్తో స్టీరింగు తిప్పింది. వ్యాను ఒక పక్కకి ఒరిగి, గట్టిగా ఊగి, జారినట్టు గల్లీ మొదట్లోకి దిగింది.

తల్లి ఫోను మోగింది.

అండాలు దాన్ని రెండు చేతులతో పట్టుకుని, ఎంతోసేపటికి గానీ కూతురికి ఇవ్వలేదు. "సదువు."

"పెంటయ్య గారూ, దిగారు. ప్రయాణం ముగిసింది." నవనీత మిగతాదీ చదివింది. "మళ్ళీ రండి."

అండాలు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "రాడని చెప్పు."

నవనీత వెనకనుంచి సంచి తీసి, కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుంది. తండ్రి నడక తెర మీద సన్నటి గీతలా ఉంది. దాని కింద లక్షల గీతలు, అన్నీ దాన్ని ఆనుకునే ఉన్నాయి. ఇది పోతే ఉద్యోగం పోతుంది, కేసు పెడతారు, ఆరేళ్ళ కష్టం పోతుంది. వాటన్నిటికంటే, కాలి కింద ఆ కాలు ఇంకెప్పుడూ తగలదు. ఆమెకి దుఃఖం ఆగలేదు. ఏడుస్తూనే రెండు మీటలూ నొక్కి, దారికి ఆయన ఇంక రాడని చెప్పింది.

పైన బళ్ళు పోతూనే ఉన్నాయి. దూరంగా గుట్ట వైపునుంచి రెండు చిన్న హారన్లు, వాటి వెనకే ఇంకో రెండు వినిపించాయి. ఫోను మోగలేదు. అండాలు దాని వంక కాసేపు చూసి, వ్యాను దిగి, ఇంట్లోకి పోయి పొయ్యి మీద పెనం పెట్టింది.